గడ్డి బండి కదిలే ముందు అరగంట

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాశాను, ఒక విచారణ నివేదికలో. ఆ పేరు తర్వాత నేను రాసిన వాక్యం అబద్ధం. సంతకం పెడుతున్నప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. అదే చేత్తో ఆ పేరు మళ్లీ రాయడానికి మనసొప్పడం లేదు.

పోయిన నెల హిందూపురం బస్టాండులో రత్నమ్మ కనిపించి ఆయన చనిపోయాడని చెప్పింది. రత్నమ్మ ఎవరో తర్వాత చెబుతాను. ఆమె మాటలు విన్నాక, ఏదో పత్రికకు రాస్తున్న వ్యాసం పక్కన పడేసి ఇది మొదలుపెట్టాను. ఆయనను పొగడడానికి కాదు. ఆ మనిషి దగ్గర నుంచి నేను రోజుకు అరగంట లాక్కున్నాను. అదెలా జరిగిందో చెప్పాలి.

కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా రిటైరయ్యాక మూడేళ్లు పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేశాను. కొత్తగా చేరిన కార్మికులకు కొలతలు, లెక్కలు, యంత్రాల మూల సూత్రాలు చెప్పే పని. నా గది కిటికీ తెరిస్తే ఎదురుగా పచ్చిక. కాంపౌండు గోడకు అవతల ఎర్రమట్టి, కంపచెట్లు, వాన కోసం నోరు తెరుచుకున్న వేరుశనగ చేలు. గోడకు ఇవతల నాలుగెకరాల పచ్చటి గడ్డి. వచ్చే అతిథుల కళ్లకు చల్లగా ఉండాలని పెంచారు. దాన్ని కోయడానికి ఒక యంత్రం కొన్నారు. చూడ్డానికి చిన్న ట్రాక్టరు. మీద ఒక్కటే సీటు, ముందు స్టీరింగు, పొట్ట కింద గిర్రున తిరిగే రెండు బ్లేడ్లు. కోసిన గడ్డిని కుడిపక్క మూతిలోంచి చిమ్ముతుంది. దాని ఇంగ్లీషు పేరు ఎవరి నోటా నిలవలేదు. అందరూ గడ్డి బండి అన్నారు. దాన్ని తోలేవాడు ఆయన.

యాభై దాటిన మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. ముదిగుబ్బ దగ్గరి పల్లె. చిన్నతనంలో గొర్రెలు కాశాడు. తర్వాత బెంగళూరులో ఏదో పెద్ద లేఅవుటులో తోటపని చేస్తూ ఈ బండి నేర్చుకున్నాడు. కాపురం ధర్మవరంలో. భార్య మగ్గం నేసేది. ఆయన పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాడు.

నేను చేరిన మొదటి వారం, కిటికీ దగ్గర నిలబడి, "ఏమప్పా, బాగా పెరిగిందే గడ్డి!" అన్నాను.

"మా ముదిగుబ్బ తట్టు గడ్డి మొలిస్తే పండగ సార్. ఈడ మొలిస్తే కత్తిరింపు," అన్నాడు, నవ్వకుండా.

ఆయన మెడలో ఒక నల్లతాడు ఉండేది. చొక్కా లోపలికి దిగి ఉండేది. మూఢనమ్మకాల మీద వాదించే నాలాంటివాడి కంటికి అది వెంటనే తగిలింది. ఒకరోజు క్యాంటీనులో టీ తాగుతూ అడిగాను.

"ఆ తాయెత్తు ఏ స్వామి కట్టినాడప్పా నీకు?"

ఆయన గ్లాసు కింద పెట్టి, తాడు బయటికి లాగాడు. దానికి బండి తాళంచెవి వేలాడుతోంది.

"ఇదే సార్ మా స్వామి. ఇది నా మెడలో ఉన్నంతసేపు ఆ బండికి ప్రాణం ల్యాదు."

చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత చూస్తూ ఉంటే తెలిసింది, బండి దిగిన ప్రతిసారీ, మంచినీళ్లకు దిగినా సరే, తాళంచెవి పీకి మెడలో వేసుకుంటాడు. బ్లేడుకు గడ్డి చుట్టుకుంటే ఇంజను ఆపి, తాళం మెడలో వేసుకుని, పక్కన నిలబడి కన్నడంలో ఇరవై దాకా లెక్కపెడతాడు. బ్లేడు పూర్తిగా ఆగిందని రూఢి చేసుకున్నాకే వంగుతాడు.

"కన్నడంలో ఎందుకప్పా?"

"నేర్పినాయన కన్నడమాయన సార్. అదీగాక తెలుగులో లెక్కపెడితే తొందరగా అయిపోతాది. కన్నడమైతే నిదానంగా వస్తాది."

సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది. తోలేవాడు లేస్తే ఇంజను ఆగిపోతుంది. ఆయనకు ముందు తోలినవాడు మాటిమాటికీ ఆగిపోతోందని ఆ స్విచ్చిని వైరుతో కట్టేశాడట. ఈయన చేరిన రోజే ఆ వైరు తెంపి చెత్తబుట్టలో వేశాడు. "మనిషి లేస్తే ఆగిపోయే కుర్చీ ఇదొక్కటే సార్ ఈ దేశంలో. దాన్ని గూడా చెడగొడితే ఎట్ల?" అన్నాడు నాతో.

ఆఫీసు ముందు ఒక చిన్న గట్టు ఉండేది, వాలుగా. దాని మీద ఎప్పుడూ కిందికీ పైకీ నిలువుగా పోయేవాడు. అడ్డంగా పోతే పని త్వరగా అవుతుంది కదా అంటే, "అడ్డం పోతే బండి నా మీద ఉంటాది సార్. నిలువు పోతే నేను బండి మీద ఉంటా," అనేవాడు. వాన పడిన పొద్దున ఎవరెంత అరిచినా తీసేవాడు కాదు. "తడి గడ్డి మీద దేవుడైనా జారతాడు." ఒక యువ ఇంజనీరు ఫొటో కోసం బండి పక్కన ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒకటే సీటు సార్. మీరెక్కితే నేను దిగల్ల, నేను దిగితే అది ఆగల్ల. ఫొటోలో ఏముంటాది?"

ఇవన్నీ నేను మెచ్చుకున్నాను. శిక్షణకు వచ్చినవాళ్లకు ఉదాహరణగా కూడా చెప్పాను. నాకు గిట్టనిది ఒక్కటే.

రోజూ పొద్దున ఆరున్నరకు, బండి తీసే ముందు, ఆయన బూట్లు విప్పి పక్కన పెట్టేవాడు. ఆ రోజు కోయాల్సిన గడ్డిలోకి ఒట్టికాళ్లతో దిగేవాడు. తల వంచుకుని, భుజాన ఒక పాత తువ్వాలు మడిచి వేసుకుని, మెల్లగా నడిచేవాడు. మధ్య మధ్య వంగి ఏదో తీసి తువ్వాలులో వేసుకునేవాడు. అరగంట. ఆ తర్వాత పచ్చిక మూలకు పోయి, తువ్వాలులోవి అక్కడ గుమ్మరించేవాడు. అన్నీ రాళ్లు. ఆ గుట్ట మీద పెద్ద రాయికి పసుపు పూసి ఉండేది. దానికి దండం పెట్టి, వచ్చి కూర్చుని బూట్ల తాళ్లు రెండు ముళ్లు వేసుకుని, అప్పుడు బండెక్కేవాడు.

ఆ గుట్ట ఏడాదిలో మోకాలెత్తు అయింది. మేనేజరు కారు దిగి పోతూ పోతూ దానివైపు చెయ్యెత్తి కళ్లకద్దుకునేవాడు. ఆ మేనేజరు ఆయుధ పూజనాడు తన కారు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టుకునే మనిషి. ఆ అరగంట ఏమిటని ఒక్క సూపర్‌వైజరూ అడిగిన పాపాన పోలేదు.

నేను నలభై ఏళ్లుగా ఇలాంటి రాళ్ల మీద వాదించినవాణ్ణి. రోజూ కిటికీలోంచి చూస్తూ ఉంటే నాకు ఒళ్లు మండేది. ఇంత జాగ్రత్త గల మనిషి, ఇంత తర్కం గల మనిషి, రాళ్లేరుకొచ్చి రాయికి పెట్టడమేమిటి?

ఇక్కడ నా మీద నేనే మోపుకోవాల్సిన నేరం ఒకటుంది. ఆ నడకను నేను ప్రదక్షిణం అనుకున్నాను. ప్రదక్షిణం అంటే చుట్టూ తిరగడం. ఆయన ఏనాడూ చుట్టూ తిరగలేదు. ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ ఆ కొస నుంచి ఈ కొసకు, చాలు పక్కన చాలుగా, సేద్యగాడు నాగలి వెంట నడిచినట్టు నడిచేవాడు. తర్వాత బండి కూడా అదే దారిలో పోయేది. రెండేళ్లకు పైగా నా కళ్ల ముందు జరిగింది. చూశాను. నా దగ్గర జవాబు ముందే సిద్ధంగా ఉంది గనక ప్రశ్న పుట్టలేదు.

నా మూడో ఏడాది షెడ్డులో భద్రత మీద ఒక సభ పెట్టారు. హెడ్డాఫీసు నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. నన్ను మాట్లాడమన్నారు. హెల్మెట్లు, చేతి తొడుగులు, యంత్రాల కంచెలు, అన్నీ చెప్పాక నాకు ఊపొచ్చింది.

"ఈ ఫ్యాక్టరీలో నా కళ్ల ముందే ఒక దేవుడు పుట్టాడు!" అన్నాను. "పొద్దున్నే ఒక మనిషి గడ్డిలో రాళ్లేరుతాడు. ఆ రాళ్లకు రాయి కాపలా. ఆ రాయికి పసుపు. ఆ పసుపుకు అరగంట. లక్షలు పోసి కొన్న యంత్రం ఆ అరగంటసేపు రాయి అనుమతి కోసం ఎండలో నిలబడి ఉంటుంది. రాయి మనల్ని కాపాడదు. బుద్ధి కాపాడుతుంది!"

షెడ్డంతా నవ్వు. ముఖ్యంగా వెనక కూర్చున్న ఊడ్చే ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. నా జీవితంలో ఏ ప్రసంగానికీ అంత నవ్వు రాలేదు. ఆయన మూడో వరసలో కూర్చున్నాడు. తల వంచుకుని ఆయన కూడా నవ్వుతున్నాడు. మేనేజరు ఒక్కడే నవ్వలేదు. హెడ్డాఫీసు అధికారి మేనేజరువైపు చూశాడు.

మర్నాటి నుంచి అరగంట రద్దు. ఆరున్నరకు బండి కదలాలని ఉత్తర్వు. రాళ్ల గుట్టను ట్రాలీలో వేసి గోడ అవతల పారబోశారు. నేను గెలిచాను.

మూడు రోజుల తర్వాత ఆయన నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, పనిలో ఉండారా?"

"రాప్పా, కూర్చో."

కూర్చోలేదు. "మేనేజరు సారు మీ మాట వింటాడు. ఆ అరగంట నాకు మళ్లీ ఇప్పించండి సార్."

"దేనికి? పూజకా?"

"పూజ అనే అనుకోండి."

"అనుకునేదేముందప్పా? పూజైతే పూజను. కాకుంటే కాదను."

ఆయన వెనక్కి తిరిగి వరండాలో ఎవరన్నా ఉన్నారేమో చూశాడు. "మీరు చదువుకున్నోళ్లు, మీకు చెప్తే అర్థమైతాది. అసలు సంగతేమంటే సార్..." అని ఆగాడు, మాట కూడదీసుకోవడానికి.

ఆ ఖాళీలో నేను దూరాను. పది నిమిషాలు మాట్లాడాను. రాయిలో ఏముంటుందో చెప్పాను. రాయి దానంతట అది కదలదని, ఏదో ఒక బలం కదిలిస్తేనే కదులుతుందని, ఆ బలం ఎంతో అంతే పోతుందని, దానికి ఇష్టమూ కోపమూ లేవని, కాలేజీలో ముప్పై ఏళ్లు చెప్పిన పాఠమే చెప్పాను. ఎవరికి చెప్పాను? బ్లేడు కొట్టిన రాయి ఎంత దూరం పోతుందో కళ్లతో చూసిన మనిషికి.

ఆయన అంతా విన్నాడు. "అవును సార్. కదిలించేదొకటి ఉండల్ల," అన్నాడు. "వస్తా సార్," అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రెండో వారం. ముందురోజు సాయంత్రం ఎవరో అతిథుల కోసం పచ్చిక మీద షామియానా వేసి, తీసేశారు. పొద్దున ఆరున్నరకు ఉత్తర్వు ప్రకారం బండి కదిలింది. కిటికీ దగ్గర నేనున్నాను. టప్పున ఒక చప్పుడు, వెంటనే ఒక ఆడమనిషి కేక. షామియానా తాడు కట్టిన వేలెడంత ఇనుప ముక్క గడ్డిలో ఉండిపోయింది. బ్లేడు దాన్ని కొట్టింది. అది సిమెంటు దారి ఊడుస్తున్న మనిషి మోకాలి కింద తగిలి ఎముక విరిగింది. ఆ మనిషే రత్నమ్మ.

ఆయన ఇంజను ఆపాడు. తాళంచెవి తీశాడు. ఆ గొడవలో కూడా తాళం మెడలో వేసుకుని, అప్పుడు పరిగెత్తాడు. భుజాన ఉన్న తువ్వాలుతో ఆమె కాలు కట్టాడు. ఎప్పుడూ రాళ్లు మోసే తువ్వాలు అది. కొన్నాళ్లుగా ఖాళీగా ఉంది.

విచారణకు ముగ్గురం. మేనేజరు, ఆఫీసు నుంచి ఒకాయన, శిక్షణ కేంద్రం తరఫున నేను. బండితోపాటు వచ్చిన పుస్తకం బల్ల మీద పెట్టారు. మూడేళ్లలో ఆ పుస్తకం నేను తెరవడం అదే మొదలు. ఏడో పేజీలో ఉంది: గడ్డి కోసే ముందు ఆ స్థలమంతా నడిచి చూడాలి, రాళ్లు, కట్టెలు, తీగలు ఏరివేయాలి. పక్కన బొమ్మ. ఒక మనిషి తల వంచుకుని గడ్డిలో నడుస్తున్నాడు.

ఆ బొమ్మలోని మనిషిని నేను రోజూ చూశాను. అప్పుడు అర్థమైంది. మొత్తం అర్థమైంది.

మేనేజరు అడిగాడు: "కోసే ముందు నేల చూసుకోవాలని తెలీదా?"

"తెలుసు సార్. ముందు నడిచేటోణ్ణి."

"మరి ఇప్పుడెందుకు నడవలేదు?"

ఆయన నావైపు చూశాడు. నింద లేదు ఆ చూపులో. పాఠం తెలిసిన పిల్లవాడు, జవాబు చెప్పే వంతు పంతులుది కదా అని ఆగినట్టు ఆగాడు. నేను చెబుతాననే అనుకున్నాడు. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: నేను ఆపించాను. నా ముందు పుస్తకం తెరిచి ఉంది. నేను పేజీ తిప్పాను. తర్వాతి పేజీలో పెట్రోలు పోసేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలున్నాయి. వాటిని శ్రద్ధగా చదువుతున్నట్టు కూర్చున్నాను.

"అలవాటు తప్పింది సార్," అన్నాడాయన చివరికి.

నివేదిక రాసే పని నాకే ఇచ్చారు, నా భాష బాగుంటుందని. ఆయన పేరు రాసి, దాని తర్వాత, "యంత్రం నడిపే ఈ వ్యక్తి నేలను పరిశీలించకుండా నిర్లక్ష్యంగా వ్యవహరించాడు" అని రాశాను. ఎందుకలా రాశానని ఇప్పుడు వెతికితే గొప్ప కారణమేదీ దొరకడం లేదు. సభలో పడిన చప్పట్లు వెనక్కి ఇవ్వాల్సి వస్తుందని భయం. అంతే. మూఢనమ్మకాన్ని ఓడించినవాడు మనిషి కాలు విరగ్గొట్టించాడని రేపు అంటారేమోనని భయం. ఆయన ఉద్యోగం పోయింది. ఆ ఏడాది చివర నేనూ మానేసి హిందూపురం వచ్చేశాను.

ఆ తర్వాత ఒక్కసారే చూశాను. ధర్మవరంలో, ఒక పట్టుచీరల అంగడి ముందు. మా ఆవిడతో వెళ్లాను. ఆయన అక్కడ వాచ్‌మన్. ఆగివున్న మోటారు సైకిళ్ల మధ్య వంగి ఏదో తీస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"బాగుండారా సార్?"

"బాగున్నా. ఏం చేస్తాండావప్పా?"

అరచెయ్యి చాపాడు. అందులో ఒక మేకు. "టైర్లలో దిగుతాది సార్." చొక్కా పైగుండీ ఊడి ఉంది. మెడలో నల్లతాడు ఇంకా ఉంది, ఖాళీగా.

నేను చూపు మేకు మీదికి తిప్పుకున్నాను. ఆయనే అన్నాడు: "రత్నమ్మ నడుస్తాండాది సార్. మొన్న పోయి చూసొస్తి. కుంటుతాది గానీ, నడుస్తాండాది."

నేను ఆమె గురించి అడగలేదు. అడగాల్సింది. నేను అడగాల్సిన దానికి ఆయన జవాబిచ్చి, మా ఆవిడ కోసం అంగడి తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ చీరలు చూసినంతసేపూ నేను లోపలే కూర్చున్నాను. బయటికి పోయి ఆ ఒక్క వాక్యం చెప్పడానికి గంటన్నర టైముంది. చెప్పలేదు.

ఇక రత్నమ్మ. పోయిన నెల బస్టాండులో పెనుకొండ బస్సు కోసం కూర్చుని ఉంది, కూతురి ఇంటి నుంచి పోతూ. నేను తప్పుకుందామనుకున్నాను. ఆమె పిలిచింది.

"సార్, మీకు తెలిసిందా? మా గడ్డి బండన్న పోయినాడు. గుండె నొప్పంట. మేమంతా పోయింటిమి. సమాధుల తోటలో పెట్టిరి."

"సమాధుల తోటా?"

"అవును సార్, చర్చోళ్లు గదా వాళ్లు. మీకు తెల్దా? పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేసె."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. "మరి ఆ రాయి? పసుపు?"

రత్నమ్మ నన్ను జాలిగా చూసింది. "అయ్యో సార్! మొదట్లో ఆయన సూపర్‌వైజరును అడిగినాడు, గడ్డిలో రాళ్లేరల్ల, అరగంట ఇయ్యండి అని. టైం మిగలాలనే గదా మిషను కొన్నది, ఏరేదేంది అని తిట్టిరి. పది దినాలు చూసినాడు. మళ్ల ఒక దినం నన్ను అడిగె, రత్నమ్మా, రేపు ఇంట్లోనుంచి చిటికెడు పసుపు తెస్తావా అని. రాళ్ల మీద పూసె. అంతే, ఆ దినం నుంచి ఒగడు నోరెత్తితే ఒట్టు! దేవుడి పని గదా, ఎవరాపుతారు? పసుపు మేమే తెచ్చిచ్చేటోళ్లం, వంతులేసుకోని."

"మీకందరికీ తెలుసా?"

"తెలీకేం సార్? మీరు ఆ దినం మైకులో ఆ రాయిని తిడతాంటే మాకు నవ్వాగలా. ఈ సారు గూడా నమ్మినాడే అని."

ఆ నవ్వు నా ప్రసంగానికి అనుకున్నాను ఇన్నేళ్లూ. ఆ ఫ్యాక్టరీ మొత్తంలో ఆ రాయిని దేవుడని నమ్మింది ఇద్దరం. మేనేజరు, నేను. ఆయన దండం పెట్టాడు, నేను తిట్టాను. రాయి ఎందుకుందని ఇద్దరమూ అడగలేదు. మనిషి ఏది చెబితే నమ్మమో, ఏ వేషం వేస్తే నమ్ముతామో, ఆ గొర్రెల కాపరి మా ఇద్దరినీ చదివేశాడు. నిజం చెబితే అరగంట ఇవ్వని చోట అబద్ధంతో తీసుకున్నాడు. ఆ అబద్ధం వల్ల ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. నా నిజం వల్ల తగిలింది.

"ఎందుకంత పట్టుదల ఆయనకు?" అన్నాను.

"బెంగళూరులో ఈయన తోలే బండి కింది నుంచే ఒక రాయి పోయి, పక్కన చెట్లకు నీళ్లు కట్టే ఆయన కన్ను పోయిందంట సార్. అప్పటి నుంచి నడవకుండా బండెక్కలేదు, మీ... ఆ ఉత్తర్వు వచ్చేదాకా." 'మీ' దగ్గర ఆగి, మాట మార్చింది. ఆ మర్యాద కన్నా ఒక చెంపదెబ్బ నయం.

బస్సు వచ్చింది. ఆమె కాలీడుస్తూ ఎక్కింది.

వారం తిరక్కుండా పెనుకొండ పోయాను. ఒక ఉత్తరం రాసుకుపోయాను. ఫలానా నివేదికలో నేను రాసినది తప్పు, నేలను చూసే ఏర్పాటును ఆపించినది నేను, దీన్ని ఆ ఫైలులో చేర్చండి అని. మేనేజరు కొత్తవాడు, మర్యాదస్థుడు. ఉత్తరం రెండుసార్లు చదివి, సొరుగులో పెట్టాడు.

"ఆ ఫైలు ఎప్పుడో మూసేసినారు సార్. ఇప్పుడంతా పద్ధతిగా ఉండాది, మీరు బాధపడొద్దు," అని గోడకు తగిలించిన ఒక కాగితం చూపించాడు. గడ్డి బండి రోజువారీ తనిఖీ పట్టిక. మొదటి గడిలో 'నేల పరిశీలించడమైనది'. ఎదురుగా టిక్కులు, సంతకాలు. ఆ రోజు మంగళవారం. టిక్కులు రాబోయే శనివారం దాకా ఉన్నాయి.

బయటికి వచ్చేసరికి పచ్చిక కొసన బండి స్టార్టయింది. కొత్తాయన, నలభై ఏళ్లవాడు, సీటు మీద కూర్చుని ఉన్నాడు. సిమెంటు దారి మీద ఇద్దరు ఆడవాళ్లు ఊడుస్తున్నారు. నేను చెప్పులు విప్పి గడ్డిలోకి దిగాను. బండికి ఎదురుగా, ఈ కొస నుంచి ఆ కొసకు నడవడం మొదలుపెట్టాను. పది అడుగులు వేశానో లేదో, గేటు దగ్గరి గార్డు విజిల్ వేసుకుంటూ వచ్చాడు.

"ఓ పెద్దాయనా! యాడికి పోతాండావు గడ్డిలోకి?"

"రాళ్లు ఏరుతాండా నాయనా."

"రాళ్లా? పర్మిషను ఉండాదా? రా, రా బయటికి!"

"బ్లేడు కింద రాయి పడితే ఎగిరి మనుషులకు తగుల్తుంది. బండి పుస్తకంలోనే రాశారు, ఏడో పేజీలో..."

"అదంతా నాకు తెల్దు. ఆఫీసులో రాయించుకోని రా, పో." చెయ్యి పట్టుకోబోయాడు.

నా దగ్గర పుస్తకం ఉంది, సూత్రం ఉంది, నలభై ఏళ్ల వాదన ఉంది. వాటిలో ఒక్కటీ అతని చేతిని ఆపలేదు.

"మొక్కుండాది నాయనా," అన్నాను.

అతని చెయ్యి దిగిపోయింది. ముఖం మారింది. "అట్ల చెప్పల్ల గదా సార్ ముందే!" అన్నాడు. బండి మీదున్నాయన వైపు తిరిగి చెయ్యి ఊపాడు. ఇంజను ఆగింది. "నిదానంగా కానీండి సార్, తొందరేం ల్యా," అని తాను కూడా నాలుగడుగులు వెనక్కి వేసి, బూట్లు గడ్డికి తగలకుండా గట్టు మీద నిలబడ్డాడు.

ఆ ఫ్యాక్టరీలో నేనాడిన రెండో అబద్ధం అది.

కంటికి కనపడనిది కాలికి తగులుతుంది. ఆయన బూట్లు ఎందుకు విప్పేవాడో మూడో చాలులో తెలిసింది. ఐదు రాళ్లు, ఒక సీసా మూత, జానెడు వైరు ముక్క దొరికాయి. కండువాలో వేసుకున్నాను. ఆయనకు అరగంట పట్టేది. నాకు గంట దాటింది. అంతసేపూ బండి కదల్లేదు.